లేబుల్ పీకితే ఊరుకోను

"నీకు రెండు గంటలు టైముంది. వెళ్ళు, ఆ లేబుళ్ళన్నీ తగలబెట్టు" అన్నాడు చీఫ్.

ఏజెంట్ జిడ్డు కుర్చీలోంచి కదల్లేదు. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

"ఎవరి లేబుళ్ళు సార్?"

"మీ పిన్నివి. ఆర్కిడ్ కుండీలవి."

గ్రెనేడ్ పిన్ను పీకమంటే జిడ్డు నవ్వుతూ పీకేవాడు. పిన్ని లేబుల్ పీకడం వేరే సంగతి.

చీఫ్ బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో ముగించాడు. జిడ్డు బాబాయి పదకొండేళ్ళుగా శత్రుదేశంలో దొంగపేరుతో బతుకుతున్నాడు. ఆ పేరు, అడ్రసు ఉన్న మైక్రోఫిల్మ్ ఒక్కటే కాపీ. పిన్ని డాబా మీది రెండువందల పన్నెండు కుండీల్లో ఒకదాని వేళ్ళ కింద ఉంది. ఏ కుండీలో ఉందో మొన్న పిన్ని చీఫ్‌కి ఫోన్లో చెప్పింది. ఆ ఫోన్‌ని అవతలి ముఠా వింది.

"లేబుళ్ళు లేకపోతే వాళ్ళకి దొరకదు. దొరికితే మీ బాబాయి లేడు. సెంటు మేడం తోడొస్తుంది. గో."

సెంటు మేడం వస్తే ముందు వాసన వస్తుంది, తర్వాత తీరిగ్గా మనిషి వస్తుంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, మూడంగుళాల హీల్స్. వాటి మీదకి ఖాకీ చొక్కా తొడుక్కుని, కరెంటు మీటర్ రీడర్ వేషం అంది. జిడ్డు పెట్టుడు మీసం అంటించుకున్నాడు.

డాబా మీద ఆకుపచ్చ వలపందిరి కింద పిన్ని ఆకులకి సబ్బునీళ్ళు కొడుతోంది. చెవి మీద పెన్సిలుంది.

"మీటరు కిందుందిరా జిడ్డూ. మీసం ఊడిపోతోంది, చూసుకో."

జిడ్డు నీళ్ళు నములుతూ ఆర్డరు చెప్పాడు.

"మీ చీఫ్‌నే వచ్చి పీకమను, చేతులెన్ని మిగుల్తాయో లెక్కపెట్టుకుని పోతాడు" అంది పిన్ని. "ఇవన్నీ చూడు. ఒకటే ఆకులు, ఒకటే వేళ్ళు. పువ్వు విచ్చుకుంటేగానీ ఎవరెవరో తెలీదు. కొన్నిటికి ఆరేళ్ళు పడుతుంది. ఎండని బట్టి వారం వారం కుండీలు మారుస్తా, నాకూ లేబులే దిక్కు. ఫిల్ము లేకుండా పిలిపించేదెలా, ఆరేళ్ళూ మీ బాబాయిని అక్కడే ఉండమంటావా?"

జిడ్డు వంగి ఒక లేబుల్ చదివాడు. పెన్సిలుతో, చీమల్లాంటి అక్షరాలు: 'పెద్దమ్మ 7'.

"ఇదేం పేరు పిన్నీ?"

"మీ బాబాయి తెచ్చిన మొదటి మొక్కకి ఏది ఏమవుతుందో అదే పేరు. ఒకే కాయలో పుట్టినవి తోబుట్టువులు. తల్లిమొక్క తోబుట్టువులొక వరస, తండ్రిమొక్క తోబుట్టువులొక వరస..."

"చాలు" అంది సెంటు మేడం. లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల రంగు లేదు, తుపాకీ గొట్టముంది. "చేతులు పైకి!"

జిడ్డు నోరెళ్ళబెట్టాడు. "నువ్వా? రెండు వైపులా తింటున్నావా?"

"మీ ఫోన్‌ని మావాళ్ళ కంప్యూటర్ ఇంగ్లీషులోకి దించేసింది. ఆంట్ త్రీ. అంతే."

గబగబా వెతికి 'అత్త 3' పట్టుకుంది. కుండీ బోర్లించింది. బెరడుముక్కలు రాలాయి, బొగ్గు రాలింది. ఇంకేం రాలలేదు. చెవిలోని ఇయర్‌ఫోన్‌తో కాసేపు పోట్లాడింది.

"ఆంటీ అనే అంటున్నారు వాళ్ళు! ఏ ఆంటీ?"

పిన్ని పకపకా నవ్వింది. "మా ఇంట్లో ఆంటీలు లేరమ్మా. పెద్దమ్మలున్నారు, పిన్నులున్నారు, మేనత్తలున్నారు, అత్తలున్నారు. అన్ని వరసల్లోనూ మూడో నంబరుంది. అమ్మ చెల్లెలు, నాన్న చెల్లెలు మీ కంప్యూటర్‌కి ఒకటేనా? దాన్ని పెళ్ళికి పిలిస్తే కొంప కొల్లేరే!"

"పది లెక్కపెడతా. చెప్పకపోతే మీవాడి గుండెలో దిగుతుంది. ఒకటి..."

"చెప్పను."

"పిన్నీ!" అన్నాడు జిడ్డు.

"నువ్వుండరా. పదకొండేళ్ళు ఆయన పేరు నా నోట బయటికి రాలేదు. ఇరుగుపొరుగు వదిలేసి పోయాడన్నారు, పడ్డాను. ఈ రంగుపుల్ల చూసి ఇప్పుడు చెప్పాలా? కాల్చుకోమను!"

కింద ముఠా కారు హారన్ మోగింది. సెంటు మేడం లెక్క ఆపింది.

"సరే, మిగిలిన మూడూ పట్టుకుపోతా."

తుపాకీ జిడ్డు మీదే ఉంచి, లేబుళ్ళ మీదకి వంగింది. నల్ల అద్దాల్లోంచి పెన్సిల్ రాత ఏం కనపడుతుంది? అద్దాలు పైకి తోసింది. 'పిన్ని 3' తీసి చంకలో పెట్టుకుంది. 'పెద్దమ్మ 3' కూడా. మూడోదాని మీద చెయ్యి వేసింది. 'మే' అన్న అక్షరం చదివింది.

పిన్ని సబ్బునీళ్ళ మీట నొక్కింది. రెండు కళ్ళలోనూ.

తుపాకీ పేలింది. వలపందిరికి చిల్లు పడింది. జిడ్డు ఆమె మణికట్టు పట్టుకున్నాడు, తన అలవాటు ప్రకారం ఇక వదల్లేదు. పిన్ని మాత్రం గాల్లోనే రెండు కుండీలూ ఒడిసి పట్టుకుంది. కింద కారు హారన్ మానేసి పరుగందుకుంది.

ఫోన్ మోగింది. పిన్నే తీసింది.

"లేబుళ్ళు కాల్చారా?" అన్నాడు చీఫ్.

"లేదు. కాల్చను. మీ మనిషే మీకు గోతులు తవ్వింది, ఇక్కడ సబ్బునీళ్ళతో ఏడుస్తోంది, పట్టుకెళ్ళండి. ఫిల్ము జిడ్డు చేతికిస్తున్నా. ఆయన్ని పిలిపిస్తారా, నన్ను రమ్మంటారా?"

చీఫ్ వెంటనే దిగొచ్చాడు. "రేపే పిలిపిస్తాం మేడం."

"వచ్చేటప్పుడు అక్కడి మొక్క ఒకటి తెమ్మనండి. లేబుల్ లేకుండా తెచ్చాడో, ఇంకో పదకొండేళ్ళు బయటే నిలబెడతానని కూడా చెప్పండి."