పిడి లేని బాడిస

సక్కుబాయి మెట్లెక్కి వచ్చేసరికి డిటెక్టివ్ అంబదాస్ టీ సాసర్‌లో పోసుకొని ఊదుకుంటున్నాడు. ఆమె కొంగు ముడి విప్పి, సాసర్ పక్కన ఏదో పెట్టింది. మనిషి వేలి గోరు. పీకింది పీకినట్టే ఉంది, అడుగున ఎండిన నెత్తురుతో.

"మా ఆయనది సారు. ఎవలకన్న చూపియ్యమని ఆయననే ఠాణా కిటికీల నుంచి నా ముంగట పారేసిండు. కుడిచేతి రెండు వేళ్ళు నిన్ననే ఇరగ్గొట్టిండ్రు. పొద్దుగూకేదాంక టైమిచ్చిండు అమీన్ సాబ్. గప్పటికి ఒప్పుకోకుంటె గా చేతికి ఇంక వేళ్ళుండయట. ఒప్పుకుంటె ఉరేనాయె."

అంబదాస్ సాసర్‌ను పక్కకు జరిపాడు. టీ వదిలేశాడంటే కేసు తీసుకున్నట్టేనని నర్మదకు తెలుసు.

నర్మద అతని అసిస్టెంటు. హైదరాబాద్‌లో డ్రాయింగు కోర్సు పాసై ఆదిలాబాద్ తిరిగొస్తే, ఆడపిల్లకు డ్రాయింగు బల్ల ఇచ్చే ఆఫీసు ఒక్కటీ కనిపించలేదు. జిన్నింగు మిల్లులో టైంకీపరు ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న అంబదాస్ మాత్రం బల్లతోపాటు కుర్చీ కూడా ఇచ్చాడు. ఈ ఊళ్ళో అతన్ని గొప్పవాడని నమ్మేవాళ్ళు ఇద్దరే. ఒకరు నర్మద. రెండోవాడు అతనే.

"మొదటికెల్లి చెప్పవ్వా," అన్నాడు అంబదాస్.

సక్కుబాయి భర్త అంతయ్య వడ్రంగి. బోథ్ దారిలో పొన్నగూడలో హనుమండ్లు సేటు ఎడ్లబండ్ల కార్ఖానాలో పని. నిన్న పగటిపూట అందరూ అన్నాలకు పోయినప్పుడు, సేటును కట్టెల కొట్టంలో ఎవరో చంపారు. మెడ మీద బాడిస దిగి ఉంది. కర్ర చెక్కే బాడిసే. దాని మీద మూడు గాట్లున్నాయి, అంటే అది అంతయ్యకిచ్చిన బాడిస. కానీ దానికి పిడి లేదు.

"పిడి లేదా?" అన్నాడు అంబదాస్.

"పిడి మా ఆయన సంచిల, మా ఇంట్ల ఉండె. అక్కడ రోజు గంతే సారు. ఇనుము సేటుది, పిడి మనది. బువ్వకొచ్చేటప్పుడు ఎవరి పిడి వాళ్ళు ఊడగొట్టుకొని తెచ్చుకుంటరు. బాడిసలు మొద్దు మీదనే ఉంటయి. ఒకరి అరచేతికి చెక్కిన పిడి ఇంకొకరు ముట్టనే ముట్టరు."

"నిన్న పగటీలి మీ ఆయన ఎక్కడున్నడు?"

"నా ముంగట కూసోని జొన్న రొట్టె తిన్నడు. పెండ్లాం సాక్ష్యం పనికిరాదని అమీన్ సాబ్ నవ్విండు."

---

1964 ఎండాకాలం. బస్సు దిగి కార్ఖానా చేరేసరికి ఒంటిగంట దాటింది. ఆవరణ నిండా సగం చేసిన చెక్క చక్రాలు. వాటి మధ్య, పెళ్ళికి పిలవకుండా వచ్చిన చుట్టాల్లాగా, కొత్త రబ్బరు టైర్లు రెండు.

కొట్టంలో నేల ఇంకా జిగటగా ఉంది. ఈగలు లేచి మళ్ళీ వాలాయి. చచ్చిపోయిన సేటు తమ్ముడు మల్లన్న, ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకొని చూపించాడు.

"అన్న గీ మొద్దు మీద వంగి గీత గీస్తుండె గావచ్చు. ఎనుక నుంచి ఒక్కటే దెబ్బ. మెడ తెగి, బాడిస కింద మొద్దులకు దిగింది. ఇద్దరు పోలీసోళ్ళు కాలు పెట్టి గుంజితె గని రాలే."

"మీరెక్కడున్నరు?"

"ఇంట్ల పండుకున్న. ఎవలు చూడలే. గిదంత ఇగ నాకే వస్తది గద, అందుకే అందరు నన్ను గట్ల చూస్తున్నరు. నేను జన్మల బాడిస పట్టలే సారు!" అని అరచేతులు చాపాడు. వక్కాకు గుర్తులు తప్ప ఆ చేతుల మీద ఏ గుర్తూ లేదు.

రెండో వడ్రంగి రాజయ్య అప్పటికే అక్కడున్నాడు. అతని ముఖానికి ఒక పక్క గడ్డం ఉంది, ఒక పక్క లేదు.

"గిదేందయ్యా?" అన్నాడు అంబదాస్.

"నిన్న మంగలి ముంగట కూసున్న సారు. సగం గీకినంక కేకలినవడ్డయి. ఉరికొచ్చిన. మిగిలిన సగం గీకుతందుకు మంగలికి ఇంక చెయ్యి రాలేదట."

అంబదాస్ టైర్ల వైపు తల ఊపాడు. "గవేంది?"

రాజయ్య గొంతు తగ్గించాడు. "సేటు చెక్క చక్రాలు బందన్నడు. ఇగ రబ్బరు టైర్ల బండ్లేనట. అంతయ్యను మేస్త్రిని చేస్తనన్నడు. పాత మేస్త్రి భూమన్నను గేటు కాడ కావలి కూసోమన్నడు."

భూమన్న గేటు దగ్గరే, విరిగిన చక్రం మీద కూర్చొని ఉన్నాడు. నిరుడు టేకు దుంగ దొర్లి అతని మోకాలు నుజ్జయింది. చేతిలో గుండుతల ఉన్న లావుపాటి కర్ర. గుండు కింద పసుపు గుడ్డ చుట్టి ఉంది. మోకాలికి కట్టాల్సిన పట్టీ కర్రకు కట్టుకున్నాడు పెద్దాయన, అనుకొని నర్మద నవ్వు ఆపుకుంది.

"నేను బాడిస పట్టక యాడాదాయె బిడ్డా," అన్నాడు భూమన్న. "నా పిడి గూడ పొయ్యిల పెట్టేసిన. నిన్న గీడనే కూసున్న. అంతయ్య ఒక్కడే లోపటికి పోయిండు, జల్ది బయటికొచ్చిండు. నా చేతుల మీద పెరిగిన పోరడు. అమీన్ సాబ్ అడిగితె అబద్ధం చెప్ప మనసురాలే." కళ్ళు తుడుచుకున్నాడు.

నర్మదకు జాలేసింది. అంబదాస్ మాత్రం తిరిగి కొట్టంలోకి వెళ్ళి చూరు కేసి చూస్తున్నాడు. మొద్దుకు సరిగ్గా పైన ఒక పెంకు పగిలి, ఎర్రగా కొత్త అంచు కనిపిస్తోంది.

"గా గూన ఎప్పుడు పగిలింది?"

"కోతులు సారు," అన్నాడు మల్లన్న.

"మొన్న బాగనే ఉండె," అన్నాడు రాజయ్య.

---

ఊరంతా అమీన్ సాబ్ అని పిలిచే ఎస్సై జీపు దిగాడు. గోనెసంచిలో బాడిస, అంతయ్య పిడి తెచ్చాడు. నెత్తురు బాడిస మీద నల్లగా గడ్డకట్టి ఉంది.

"క్యా అంబదాస్, నేను దొరకబట్టినోన్ని నువ్వు ఇడిపిస్తవా?"

"లేదు అమీన్ సాబ్, మీ కేసు బలంగ చేద్దామని. పిడి లేని బాడిస తీస్కపోయి కోర్టుల పెడితె వకీలు నవ్వుతడు."

అమీన్ నవ్వలేదు. ఆ భయం అతనికీ ఉన్నట్టుంది.

నర్మద పిడిని చేతిలోకి తీసుకుంది. మూరెడు పొడవు. పై కొస లావు, కింది కొస సన్నం. సన్నటి కొసను బాడిస కన్నంలో పైనుంచి దూర్చి కిందికి లాగితే, లావు కొస కన్నంలో పట్టుకొని బిగుసుకుంటుంది. ఊడదీయాలంటే తిరగేసి, సన్నటి కొసను నేలకేసి ఒక్క పోటు పొడిస్తే చాలు. లావు కొసకు అంతయ్య గుడ్డపేలిక చుట్టుకున్నాడు, వదులు కాకుండా. ఆ పేలిక మీద తుప్పు, రంపపు పొట్టు, చెమట కలిసి అట్టకట్టి ఉన్నాయి.

"నెత్తురు లేదు గద సాబ్?" అంది నర్మద.

"కడిగిండు."

"కడిగితె గీ పొట్టు ఎట్ల మిగిలింది?"

అమీన్ గోటితో గీకి చూశాడు. పొట్టు పొడిగా రాలింది.

"ఇంకోటి," అన్నాడు అంబదాస్. "మీరు గా పిడిని బాడిసకు తొడిగి, సేటు ఎనుక నిలబడ్డట్టు నిలబడి ఎత్తుండ్రి."

అమీన్ ఎత్తాడు. అతను ఆరడుగుల మనిషి. అయినా బాడిస కొస పగిలిన పెంకుకు మూరెడు కిందనే ఆగిపోయింది. నర్మద కాగితం మీద మనిషి ఎత్తు, చూరు ఎత్తు వేసి లెక్క కట్టింది. పెంకు పగలాలంటే పిడి రెండు మూరలకు తగ్గకూడదు. కాగితం చూసి అంబదాస్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని మెచ్చుకోలు ఎప్పుడూ అంతే. నర్మద దాంతోనే సరిపెట్టుకునేది.

"అంతయ్యను తీస్కరాండ్రి సాబ్," అన్నాడు. "అందరు ఉండంగ చెప్త."

---

అంతయ్యను ఇద్దరు కానిస్టేబుళ్ళు చంకల కింద చేతులు వేసి మోసుకొచ్చి, కొట్టం స్తంభానికి ఆనించి కూర్చోబెట్టారు. కుడిచెయ్యి ఉబ్బి, వేళ్ళు తలా ఒక దిక్కుకు తిరిగి ఉన్నాయి. పెదవి చీలి పళ్ళు కనిపిస్తున్నాయి. సక్కుబాయి ఏడవలేదు. వెళ్ళి అతని పక్కన కూర్చొని ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

అమీన్, మల్లన్న, రాజయ్య మొద్దు చుట్టూ నిలబడ్డారు. భూమన్న కుంటుకుంటూ వచ్చి, మొద్దుకు ఆనుకున్నాడు.

"సేటును చంపినోడు పిడి తీస్కపోయిండు," అంబదాస్ మొదలుపెట్టాడు. "ఎందుకు? ఇనుము సేటుది, దాన్ని ఎవలన్న పట్టొచ్చు. పిడి మాత్రం మనిషిని చెప్తది. కని, మొద్దుల దిగిన బాడిస నుంచి పిడి తీసుడు అందరికి రాదు. గుంజినకొద్ది బిగుస్తది. పోలీసోళ్ళు ఇద్దరు గుంజితె బాడిస వచ్చింది. గీడ బాడిస ఉన్నకాన్నే ఉన్నది, పిడి ఊడొచ్చింది. అంటె, గుంజకుండ కింది కొస మీద రాయితోటి ఒక్కటి కొట్టిండు. పని తెలిసినోడు."

మల్లన్న గట్టిగా ఊపిరి వదిలాడు.

"పని తెలిసినోళ్ళు ముగ్గురు. అంతయ్య పిడి మీద నెత్తురు లేదు, కడిగిన జాడ గూడ లేదు. రాజయ్య మంగలి ముంగట ఉన్నడు, ఇంక సాక్ష్యం ఆయన మొఖం మీదనే ఉన్నది." ఎవరూ నవ్వలేదు. "ఇగ, గూన పగిలింది. మూరెడు పిడి గక్కడిదాక అందది. రెండు మూరల పిడి గావాలె. గంత పిడి బాడిసకు ఎవలు పెట్టరు. గీ కార్ఖానల గసొంటి పిడి లేనే లేదు. కని పై కొస లావు, కింది కొస సన్నం, రెండు మూరల పొడుగు ఉన్న కర్ర ఒకటి నిన్న గేటు కాడ ఉండె. ఇయ్యాల గూడ ఉన్నది."

నర్మద చూపు పసుపు గుడ్డ మీద పడింది. నవ్వు ఆపుకున్నందుకు ఇప్పుడు తన మీద తనకే కోపం వచ్చింది.

"మేస్త్రీ, జర గా గుడ్డ ఇప్పుతవా? గుండు కింద ఇనుము కొరికిన గుర్తు కర్ర సుట్టు ఉంటది."

"నేను కుంటోన్ని సారు," అన్నాడు భూమన్న.

"కాలు కుంటిది, చేతులు గావు. కర్రను పారెయ్యలేకపోయినవు. అది లేకుంటె అడుగు పడది, అందరు ఏమాయె అని అడుగుతరు. గుడ్డ కట్టినవు. మీ సేటు నిన్ను కావలోన్ని చేసిండు, శిష్యున్ని మేస్త్రిని చేసిండు. ఒక్క దెబ్బకు సేటు పాణం తీసి, మూడు గాట్ల బాడిస ఇడిసిపెట్టి అంతయ్య మెడకు ఉరి తగిలించినవు."

భూమన్న గుడ్డ విప్పాడు. కర్ర చుట్టూ గాడి పడి ఉంది. గాడిలో నలుపు.

"కొంచెం తప్పు చెప్పినవు సారు," అన్నాడు నెమ్మదిగా. "రాయితోటి గాదు. ఉలి మీద కొట్టే చెక్కసుత్తితోటి."

పిడి ఊడదీసి మొద్దు మీద పెట్టిన బాడిస అతని చేతికి అందే దూరంలోనే ఉంది. సన్నటి కొస దూర్చడం, గుండును మొద్దుకేసి బాదడం, ఎత్తడం, అన్నీ ఒక్క ఊపులో జరిగిపోయాయి. అక్కడున్నవాళ్ళలో ఎవరికీ అరవడానికి కూడా తీరిక దొరకలేదు. బాడిస అంతయ్య మీదికి లేచిందని చూసి నర్మద అతని రెండు కాళ్ళు పట్టుకొని ఈడ్చింది. బాడిస పెంకుల్ని పగలగొట్టుకుంటూ దిగి, అంతయ్య తల ఆనిన చోట స్తంభంలో బెత్తెడు లోతుకు దిగబడింది. పేళ్ళు ఎగిరి సక్కుబాయి చెంప చీరుకుపోయింది.

భూమన్న లాగాడు. ఇంకా బిగుసుకుంది. పాడైన మోకాలు మడతపడి కూలిపోయాడు. కానిస్టేబుళ్ళు మీద పడ్డారు. ఒకడు బూటుతో పక్కటెముకల మీద తన్నాడు, రెండోవాడు జుట్టు పట్టుకొని ముఖాన్ని మొద్దుకు కొట్టాడు. మెత్తటి చప్పుడైంది. అమీన్ లాఠీ ఎత్తాడు.

"బస్ సాబ్," అన్నాడు అంబదాస్. "కొట్టి ఒప్పిచ్చుడు నిన్ననే అయింది గద."

లాఠీ దిగింది, కానీ మెల్లగా, పక్కకు.

భూమన్న నెత్తురు ఉమ్మాడు. "ముప్పై ఏండ్లు చక్రం చేసిన. గీ పోరనికి నేనే పిడి పట్టుడు నేర్పిన. నా ముంగట రబ్బరు పెట్టి, నన్ను కుక్క లెక్క గేటుకాడ కూసోబెట్టిరి."

చీలిన పెదవితో అంతయ్య మాటలు తడబడుతూ వచ్చాయి.

"సేటు నిన్ను ఎల్లగొడతనన్నడు మేస్త్రీ. గట్లయితె నేను గూడ రానన్న. మూడు దినాలు పనికి పోలే. గప్పుడు గేటు కాడ కూసోమన్నడు. గాడ నీకు జీతం ఇప్పిచ్చింది నేనే."

భూమన్న అతని వంక చూశాడు. సక్కుబాయి వైపు చూస్తే, నిజమేనన్నట్టు ఆమె తల ఊపింది.

అమీన్ విడుదల కాగితం తెచ్చాడు. అంతయ్య చేతికి కలం ఇవ్వబోయి, ఆ చెయ్యి చూసి, సిరా డబ్బీ తెప్పించాడు. సక్కుబాయి మొగుడి ఎడమ బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద అద్దింది. తన చెంప మీది నెత్తురు చుక్క ఒకటి ముద్ర పక్కన పడితే, అమీన్ దాన్ని తుడవలేదు.

భూమన్నకు బేడీలు వేసి లేపారు. కర్ర లేక కానిస్టేబుల్ భుజం మీద వాలి నడుస్తూ, అంతయ్య ముందు ఆగాడు. ఉబ్బిన కుడిచేతిని చాలాసేపు చూశాడు, వంకరపోయిన పలకను చూసినట్టు.

"నడుమ వేలు ఇగ మడత పడది," అన్నాడు. "పాత పిడి నీకు ఇగ పనికిరాదు. లావుది చెక్కుకో. తుమ్మ కట్టె."

"సరే మేస్త్రీ," అన్నాడు అంతయ్య, రోజూ అన్నట్టే.

సక్కుబాయి వాళ్ళిద్దరి మధ్య నేల మీద ఉమ్మి, మొగుణ్ణి లేపింది.