బియ్యం దిండు

ఓవెన్ బిగించే ఆయన పదకొండింటికి వస్తానన్నాడు. పదకొండుంపావు అయింది. ఈలోగా బొంగరం బాల్కనీలోకి తొమ్మిదిసార్లు వెళ్లొచ్చింది.

బొంగరం ఆ పిల్ల అసలు పేరు కాదు. పదేళ్లొచ్చినా ఒకచోట కుదురుగా నిలబడదని నాన్న పెట్టిన పేరు. టీచరు హాజరు పిలిచేటప్పుడు తప్ప బడిలో కూడా అందరూ అలాగే పిలుస్తారు.

"నువ్వు తొంగి చూసినంత మాత్రాన ఆయన బండి వేగంగా రాదే" అంది అమ్మ, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే.

అమ్మ బట్టలు కుడుతుంది. ముందుగదే ఆవిడ దుకాణం. ఒక పక్క మిషను, ఒక పక్క ఇస్త్రీ బల్ల, మిగిలినచోటంతా బట్టలు. కుర్చీలో కూర్చోవాలంటే ముందు ఎవరిదో ఒకరి గౌను పక్కన పెట్టాలి.

నాన్న బస్సు డ్రైవరు. రెండు నెలల క్రితం ఆయన కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి భుజం ఎత్తు దాకా లేస్తుంది, ఆ పైకి పోదు. రోజుకు మూడుసార్లు వేడి కాపడం పెట్టి, ఆ తర్వాత వ్యాయామం చెయ్యాలంది ఫిజియోథెరపీ డాక్టరమ్మ. చిన్న దిండులో బియ్యం పోసి మైక్రోవేవ్‌లో వేడి చేసుకుంటే సులువని కూడా చెప్పింది. ఓవెన్ కొన్నది అందుకే.

ఈ రోజు శనివారం. సోమవారం డిపోలో పరీక్ష. డాక్టరు ముందు నాన్న రెండు చేతులూ తల మీదికి ఎత్తాలి. స్టీరింగ్ ఇటు నుంచి అటు పూర్తిగా తిప్పి చూపించాలి. చూపిస్తే మళ్లీ బస్సు ఇస్తారు. లేకపోతే టికెట్ల గదిలో కూర్చోబెడతారు.

నాన్నకి కూర్చోవడం చేతకాదు. ఆయన కూడా పొద్దుట్నుంచి కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. వీధిలో బస్సు వెళ్లినప్పుడల్లా ఆగి వింటున్నాడు. "గేరు ఆలస్యంగా మార్చాడు" అని తనలో తనే గొణుక్కుంటున్నాడు.

"ఇద్దరూ ఒకే తానులోంచి కత్తిరించిన ముక్కలు" అంది అమ్మ.

పదకొండున్నరకి ఓవెన్ ఆయన వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, పెట్టెని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని లోపలికి తెచ్చాడు. ముందు వంటింట్లోకి వెళ్లి గోడ మీది సాకెట్ చూశాడు. అది మిక్సీకి సరిపోతుంది గానీ ఓవెన్‌కి చాలదన్నాడు. ఓవెన్ ప్లగ్గుకి లావుపాటి మూడు పిన్నులుంటాయి. పెద్ద సాకెట్టే కావాలి. పోనీ ఎక్స్‌టెన్షన్ బోర్డు పెడదామా అని అమ్మ అడిగితే, తీగ వేడెక్కి కాలిపోతుందని తల అడ్డంగా ఊపాడు.

ఇంట్లో పెద్ద సాకెట్ ఒక్కటే ఉంది. ఇస్త్రీ బల్ల దగ్గర. దాని స్విచ్ మాత్రం బాగా ఎత్తులో ఉంటుంది. బొంగరం రెండేళ్లప్పుడు ఎవరూ చూడకుండా ఇస్త్రీపెట్టె ఆన్ చేసిందట. ఆ మర్నాడే అమ్మ స్విచ్‌ని పైకి మార్పించింది.

"అయితే ఓవెనమ్మ కాపురం బట్టల కొట్లోనన్నమాట" అన్నాడాయన. తర్వాత ఒక్కొక్కటే షరతులు పెట్టాడు. దాని చుట్టూ బట్టలుండకూడదు. వెనకా పక్కలా జానెడు ఖాళీ వదలాలి. వేడి గాలి బయటికి పోయే చిల్లుల మీద రుమాలు కూడా వెయ్యకూడదు. అమ్మ బట్టల దొంతరలన్నీ ఎత్తి మంచం మీదికి మార్చింది.

ఆయన ఓవెన్ తలుపు తెరిచి లోపలి టేపులు ఊడదీస్తుంటే బొంగరం కూడా చెయ్యి దూర్చింది. లోపలి గోడకి గోధుమరంగు అట్టముక్క ఒకటి అంటుకుని ఉంది. దాన్ని గోటితో గీకడం మొదలుపెట్టింది.

"పాపా, అది ప్యాకింగ్ కాదు. అది ఊడితే ఓవెన్ మూలకి కూర్చున్నట్టే."

బొంగరం చెయ్యి లాక్కుంది. ఆయన గాజు పళ్లెం అమర్చి, కప్పులో నీళ్లు పెట్టి, నిమిషం తిప్పి చూపించాడు. నీళ్లు పొగలు కక్కాయి. అప్పటికే బొంగరం ఒంటికాలి మీద గెంతుతోంది.

ఇక జాగ్రత్తలు మొదలయ్యాయి.

"స్టీలు గిన్నెలు..."

"తెలుసు."

"మూత బిగించిన డబ్బాలు..."

"తెలుసు. పేలతాయి."

"పెంకుతో గుడ్డు..."

"అదీ పేలుతుంది. తెలుసు అంకుల్."

ఆయన నవ్వాడు. "అయితే నేనే నీ దగ్గరికి ట్యూషన్‌కి రావాలి." మళ్లీ అమ్మ వైపు తిరిగి, ఇంకొక్కటుంది, ఈ ఇంట్లో ఇదే ముఖ్యం అంటూ ఏదో చెప్పబోయాడు. బొంగరం అక్కడ లేదు. గుడ్డపీలికల బుట్ట దగ్గరికి పరిగెత్తింది, దిండుకి ఏ గుడ్డ బాగుంటుందో చూడ్డానికి.

మధ్యాహ్నం అమ్మకి బయటికి వెళ్లక తప్పలేదు. కుట్టిన గౌను మూడో వీధిలో ఇచ్చి రావాలి. అరగంటలో వస్తానంది. రాగానే తెల్ల నూలు గుడ్డతో దిండు కుడతానంది. అప్పటిదాకా ఓవెన్ జోలికి వెళ్లొద్దని రెండుసార్లు చెప్పింది. నాన్న నొప్పి మాత్ర వేసుకుని వాలుకుర్చీలో నిద్రపోతున్నాడు. అమ్మ వెళ్తూ వెళ్తూ మంచినీళ్ల గ్లాసుని ఆయన ఎడమచేతి వైపుకి జరిపి వెళ్లింది.

బొంగరం గడియారం చూసింది. నాలుగు నిమిషాలు గడిచాయి. మళ్లీ చూసింది. ఐదు.

నాన్న నిద్రలో పక్కకి తిరగబోయి "అబ్బా" అన్నాడు.

అరగంట అంటే ఇంకా ఇరవై ఐదు నిమిషాలు. ఆ తర్వాత అమ్మ కుట్టాలి. మధ్యలో ఎవరైనా కొలతలివ్వడానికి వస్తే ఇంకో గంట. ఇలా అయితే సోమవారం వచ్చేస్తుంది. బొంగరం కాళ్లు ఆగలేదు.

పీలికల బుట్టలో అడుగున ఒక ముదురు నీలం గుడ్డ దొరికింది. నాటకాల వాళ్ల గౌనులో మిగిలిన ముక్క. దాని నిండా వెండిరంగు చుక్కలు నేసి ఉన్నాయి. అటూ ఇటూ తిప్పితే మిలమిలా మెరుస్తోంది. తెల్లగుడ్డ ఎవరికి కావాలి? నాన్నకి ఉన్నవాటిల్లోకెల్లా మంచిది కావాలి.

గుడ్డని మడిచి మూడు వైపులా కుట్టింది. వేలికి సూది రెండుసార్లు గుచ్చుకుంది. రెండు గ్లాసుల బియ్యం పోసి నాలుగో వైపూ కుట్టేసింది. కుట్లు వంకరగా వచ్చినా బియ్యం మాత్రం కారలేదు.

ఓవెన్ ఆయన మాటలు ఒకసారి గుర్తు చేసుకుంది. ఇది స్టీలు కాదు. మూత లేదు. గుడ్డు అసలే కాదు.

స్టూలెక్కి స్విచ్ వేసింది. అడ్డం వస్తోందని స్టూలుని మిషను కిందికి తోసేసింది. డాక్టరమ్మ రెండు నిమిషాలంది. ఎంత వేడెక్కితే నొప్పి అంత త్వరగా తగ్గుతుంది కదా అని బొంగరం ఐదు నొక్కింది.

దిండు మెల్లగా తిరగసాగింది. ఒక చుట్టు. రెండు చుట్లు.

చిట్. నీలం గుడ్డ మీద ఒక చుక్క మెరిసింది. చిట్ చిట్. ఇంకో రెండు. బాగుంది అనుకునేలోపే లోపలంతా పటపటమంటూ నిప్పురవ్వలు లేచాయి. గుడ్డ మూల ఎర్రబడి, చిన్న మంట నాలుక చాచింది. మాడిన బియ్యం వాసన గుప్పుమంది.

బొంగరం ఓవెన్ తలుపు పట్టుకుని లాగబోయింది.

"తలుపు తియ్యకు!"

నాన్న. ఎప్పుడు లేచాడో, ఒక్క అంగలో వచ్చి ఎడమచేత్తో ఆమెను వెనక్కి లాగాడు. స్టూలు కోసం చూశాడు. లేదు. కుడిచేతిని ఒక్క ఊపున పైకి విసిరి స్విచ్ ఆపేశాడు.

ఓవెన్ ఆగిపోయింది. తలుపు మూసి ఉండడంతో మంట గాలి ఆడక తనంతట తనే చచ్చిపోయింది. నాన్న మాత్రం గోడకి జారగిలబడి కింద కూర్చుండిపోయాడు. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నుదుటి మీద చెమట.

"నాన్నా" అంది బొంగరం.

ఆయన కళ్లు తెరిచాక ముందు ఆమె చేతులు అటూ ఇటూ తిప్పి చూశాడు. "కాలిందా?"

"లేదు."

"సరే అయితే" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. బొంగరం మొదటిసారి కదలకుండా కూర్చుంది.

అమ్మ వచ్చి పొగ చూసింది, నీలం గుడ్డ చూసింది, నాన్న మొహం చూసింది. ఆ చుక్కలు దారంతో నేసినవి కావు, సన్నటి లోహపు తీగతో నేసినవని బొంగరానికి అప్పుడు తెలిసింది. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి భుజం పట్టి చూసింది. కండరం బెణికిందంది. రెండు రోజులు చెయ్యి ఎత్తనే కూడదంది. నాన్న డిపోకి ఫోన్ చేశాడు. వాళ్లు పరీక్షని పై సోమవారానికి మార్చారు. ఇంకోసారి మార్చడం మాత్రం కుదరదన్నారు. అప్పటికీ చెయ్యి లేవకపోతే టికెట్ల గదే.

ఆ రాత్రి అన్నాల దగ్గర బొంగరం ఉన్నట్టుండి అంది. "నావల్లే కదా."

"ఊఁ" అన్నాడు నాన్న. కాదని అబద్ధమాడలేదు. "నా కోసమే కదా" అని కూడా అన్నాడు.

మర్నాడు ఓవెన్ ఆయన మళ్లీ వచ్చాడు. లోపలి అట్ట మీద నల్లమచ్చ పడింది. దాన్ని మార్చి కొత్తది బిగించాడు. గాజు పళ్లెం పగలనందుకు సంతోషించండి అన్నాడు. సంచి భుజాన వేసుకుని లేవబోతుంటే బొంగరం ఎదురుగా వచ్చి నిలబడింది.

"అంకుల్, నిన్న చివర్లో ఏదో ముఖ్యం అన్నారు. నేను లేను. మళ్లీ చెప్తారా?"

ఆయన సంచి దించి కింద కూర్చున్నాడు. "బట్టల కొట్టు కాబట్టి చెప్పాను తల్లీ. జరీ, మెరుపులు, హుక్కులు, లోహపు గుండీలు ఏవీ లోపలికి పోకూడదని. ఉత్త నూలు గుడ్డే పెట్టాలి."

"ఇంకా?"

ఇంకా చాలా ఉన్నాయి. బియ్యం దిండుని రెండు నిమిషాలకి మించి పెట్టకూడదు, పైకి చల్లగా ఉన్నా లోపల మండుతుంది. తీశాక బాగా కుదిపి, ముందు మన మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకోవాలి. నిప్పు కనిపిస్తే తలుపు తియ్యకుండా స్విచ్ ఆపాలి, దగ్గర ఉండకుండా పెద్దవాళ్లని పిలవాలి. బొంగరం అడ్డు రాకుండా విని, లెక్కల నోటుబుక్ వెనక అట్ట మీద రాసుకుంది. మధ్యలో ఒకసారి కాలు దానంతటదే ఊగింది. దాన్ని చేత్తో పట్టుకుంది.

తెల్ల నూలు గుడ్డతో దిండు అమ్మ కుట్టింది. మూడో రోజు నుంచి కాపడాలు మొదలయ్యాయి. వారమంతా పొద్దున్నా, బడి నుంచి వచ్చాకా, అన్నాలయ్యాకా అమ్మ పక్కన ఉండగా బొంగరమే దిండు వేడి చేసింది. ఆ తర్వాత నాన్న గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకి తీసుకెళ్లేవాడు. మంగళవారం భుజం దగ్గరే ఆగిపోయింది. గురువారానికి చెవి దాటింది. శనివారం ఆయన నొప్పికి పళ్లు బిగపడితే, బొంగరం కూడా పళ్లు బిగపట్టింది.

సోమవారం వచ్చింది.

డిపో వ్యాను ఏడున్నరకి రావాలి. ఏడుంపావుకే వచ్చి కింద హారన్ కొట్టింది. నాన్న అప్పుడే గోడ దగ్గర ఆఖరి వ్యాయామానికి సిద్ధమవుతున్నాడు. ఓవెన్‌లో దిండు తిరుగుతోంది. ఇంకా అరనిమిషం ఉంది.

"చాల్లే, తీసెయ్. అలాగే వెళ్తాను" అన్నాడు నాన్న. ఒక కాలికి బూటు వేసుకుని, రెండో బూటు కోసం వెతుకుతున్నాడు.

ఓవెన్ కూసింది. బొంగరం దిండు తీసి, బాగా కుదిపి, మణికట్టుకి ఆనించింది. చుర్రుమంది. పళ్లెంలో పెట్టేసింది.

"ఇటియ్యి, నాకేం కాదు."

"ఇంకా వేడిగా ఉంది నాన్నా. ఒక్క నిమిషం కూర్చో."

హారన్ రెండోసారి మోగింది. అమ్మ బాల్కనీలోకి వెళ్లి, వస్తున్నారని వ్యాను వాళ్లకి చెప్పింది. నాన్న కూతురి మొహం చూశాడు. ఒక బూటుతోనే కూర్చున్నాడు.

బొంగరం దిండుని మళ్లీ కుదిపింది. మళ్లీ మణికట్టుకి ఆనించింది. ఇంకొంచెం. కాళ్లు రెండూ పరిగెత్తమంటున్నాయి. నేలకి గట్టిగా ఆనించి నిలబడింది. మూడోసారి చూస్తే గోరువెచ్చగా, హాయిగా ఉంది. అప్పుడు నాన్న భుజం మీద పెట్టి, జారకుండా రెండు చేతులతో పట్టుకుంది.

నాన్న ఊపిరి వదిలాడు. భుజం మెల్లగా కిందికి దిగడం ఆమె అరచేతులకి తెలిసింది.

ఏడున్నర దాటాక ఆయన మెట్లు దిగాడు. బొంగరం బాల్కనీ కమ్మీల్లోంచి చూసింది. వ్యాను మెట్టు ఎత్తుగా ఉంది. ఎక్కాలంటే తలుపు పైనున్న కడ్డీ పట్టుకోవాలి. నాన్న చెయ్యెత్తి దాన్ని అందుకుని పైకి లేచాడు. కుడి చెయ్యే.

వ్యాను వీధి మలుపు తిరిగింది. బొంగరం లోపలికొచ్చి స్టూలు లాక్కుని ఎక్కింది. కింద అమ్మ పట్టుకుంది. బొంగరం ఓవెన్ స్విచ్ ఆపింది. దిగి, ఆరడానికి తలుపు కొద్దిగా తెరిచిపెట్టింది. దాని నెత్తిన ఎవరో పడేసిన జాకెట్టు ముక్కని తీసి బుట్టలో వేసింది.

అప్పుడు సంచి తగిలించుకుని, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ బడికి పరిగెత్తింది.