చెరుకు పిప్పి డబ్బాలో మామిడికాయ తొక్కు

జగిత్యాలలో బిర్యానీ పార్సిల్ ఎవరూ బిర్యానీ కోసం తీసుకోరు. డబ్బా కోసం తీసుకుంటారు.

ఇది నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివి తెలుసుకున్న సంగతి కాదు, మా అమ్మ రత్నమాల వంటింటి అరలు చూసి తెలుసుకున్నది. నల్ల మూతలవీ తెల్ల మూతలవీ కలిపి అక్కడ నూట నలభై ప్లాస్టిక్ డబ్బాలుంటాయి. కందిపప్పు, పల్లీలు, ఎండుమిరపకాయలు. అడుగున ఎక్కడో నా పాలపళ్లు కూడా ఉన్నాయని నా అనుమానం.

నా పేరు అర్జున్ రావు. మా ముత్తాత గడీ ముందర ఎవరూ చెప్పులేసుకొని నడిచేవారు కాదట. ఈ మాట మా బాపు శ్యాంసుందర్ రావు వారానికి ఒకసారైనా చెప్తాడు, మా ‘రావుగారి విందు’ హోటల్ కౌంటర్లో కూర్చుని బిర్యానీ టోకెన్లు చింపుతూ.

ఏప్రిల్లో మున్సిపాలిటీ వాళ్లు ప్లాస్టిక్ బంద్ అని నోటీసు అంటించి పోయారు. మూడో రోజు పొద్దున ఒక ట్రాలీ ఆటో వచ్చి సరిగ్గా మా గుమ్మానికి అడ్డంగా ఆగింది. నడుపుతున్నది ఒక అమ్మాయి.

“మేడం, బండి పక్కకు తియ్యున్రి. కస్టమర్లు అస్తరు,” అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసింది. “ఏరి?”

నిజానికి ఎవరూ లేరు. అయినా ఆ మాట అంత గట్టిగా అడగాల్సిన అవసరం లేదు.

“నా పేరు అక్షిత. మాది బీర్పూర్, యూనిట్ కోరుట్లల ఉన్నది. చెరుకు పిప్పితోని పార్సిల్ డబ్బాలు చేస్తం. మట్టిల ఏస్తె మూడు నెలల్ల మట్టిల కలుస్తది.”

“బిర్యానీ ఇంటికి చేరేలోపల కలవదు గదా?”

“మీ బిర్యానీతోని ఏమన్న అయితే కడుపుకు అయితది దొరా, డబ్బాకు కాదు.”

దొరా అట. మా బాపు వింటే ఎంతో సంతోషించే మాట. ఆమె అన్న తీరు వింటే మాత్రం సంతోషించడు.

ఆమె తిన్నగా వంటింట్లోకి పోయి, కుతకుత ఉడుకుతున్న మటన్ పులుసు ఒక డబ్బాలో పోయించుకొచ్చి, దాన్ని నా కొత్త ఫోన్ మీద పెట్టింది. “అరగంట ఆగున్రి. ఒక్క చుక్క కారితే కొత్త ఫోన్ నేను కొనిస్త.”

ఆ అరగంటా ఆమె డబ్బా గురించి చెబుతూనే ఉంది. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎంతసేపు పెట్టాలి. చెమటకు నుదుటికి అంటుకున్న ఒక వెంట్రుకను మాటిమాటికీ పక్కకు తోస్తోంది. అది మాటిమాటికీ తిరిగొస్తోంది.

“సమజైందా?” అంది చివరికి.

“మొత్తం,” అన్నాను.

ఫోన్ తడవలేదు. ఆర్డర్ ఇచ్చేశాను.

వారంలో ఊరు తిరగబడింది. మా పాత కస్టమర్ లస్మవ్వ పార్సిల్ పట్టుకొని కౌంటర్ దగ్గరికొచ్చింది.

“బిర్యాని మంచిగనే ఉన్నది కొడుకా. డబ్బ ఏది?”

“గదే డబ్బా అవ్వా.”

“గిది అట్ట గదరా! పప్పు ఏంట్ల పోసుకోవాలె?”

ఈ భూమిని కాపాడడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. అయినా నేను వెనక్కి తగ్గలేదు. అక్షిత మంగళవారం, శుక్రవారం లోడు తెచ్చేది. మిగతా ఐదు రోజులు క్యాలెండర్లో ఎందుకు పెట్టారో నాకు అర్థమయ్యేది కాదు.

“రెండు రోజుల స్టాకు మిగిలే ఉన్నది. మల్ల ఎందుకు ఆర్డరిచ్చిన్రు?” అని అడిగిందొకసారి.

“పర్యావరణం కోసం.”

“పర్యావరణానికి గింత సెంటు కొట్టుకోవాల్నా?” అని లోడు దింపి వెళ్లిపోయింది.

ఇంతలో మా ఇంట్లోవాళ్లకు నా పెళ్లి గుర్తొచ్చింది. సంబంధం సిరిసిల్లది. సురేందర్ రావు గారికి అక్కడ ఫంక్షన్ హాలు, క్యాటరింగ్ ఉన్నాయి. ఆయన కూతురు ప్రియదర్శిని చదువుకున్న పిల్ల. చూపుల రోజు నా వైపు రెండుసార్లు చూసింది. నా వెనక గోడకు గడియారం ఉంది. అయినా పెద్దలు మాట ఖాయం చేసుకున్నారు, వాళ్లు నిశ్చితార్థం చీర కూడా కొనేశారు. నన్నూ అడిగారు, భోజనంలో పెరుగు వేయించుకుంటావా అని.

అమ్మ కొత్త మామిడికాయ తొక్కు పెట్టి వియ్యాలవారికి పంపుతానంది.

“నీ డబ్బాలల్ల పెట్టియ్యే,” అన్నాను.

“నా డబ్బాలా? పోయిన డబ్బ తిరిగస్తదారా? హోటల్ల నుంచి తే.”

తెచ్చాను. అక్షిత డబ్బాలు, ఆరు. తొక్కు పైన వేలెడు నూనె తేలేలా నా చేతులతోనే నింపి, మూతలు పెట్టి, గర్వంగా సిరిసిల్ల పంపాను.

మా వైపు ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి పంపరు. సకినాలో అరిసెలో చేసిన రోజే డబ్బాలు ఖాళీ చేసి, అందులో పెట్టి పంపుదామని, అప్పటిదాకా సురేందర్ రావు గారి ఇంట్లో ఆ తొక్కును డబ్బాల్లోనే ఉంచారు. మర్యాదస్తులు. ఇరవై మూడో రోజున డబ్బాలు నూనె పీల్చి పీల్చి మెత్తబడి కూలిపోయాయి. కింది అరలో నిశ్చితార్థం చీర ఉంది.

శకునం బాగలేదని సంబంధం వద్దన్నారు. నాకు ఎంత దుఃఖం వచ్చిందంటే, ఆ రోజు రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నాను.

కానీ సురేందర్ రావు గారు అక్కడితో ఆగలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హోటళ్ల వాళ్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో చీర ఫోటో పెట్టి, ‘గీ పిప్పి డబ్బాలు ఎవ్వలు కొనకున్రి’ అని రాశారు. సాయంత్రానికి పదకొండు హోటళ్లు అక్షితకు ఆర్డర్లు ఆపేశాయి.

మర్నాడు ఆమె వచ్చింది. కౌంటర్లో బాపు, పక్కన అమ్మ.

“నీ డబ్బ నా కొడుకు పెండ్లి చెడగొట్టింది. గిసొంటి నాసిరకం సామాను అమ్ముకుంట తిరగనీకి సిగ్గనిపియ్యదా?” అంది అమ్మ.

అక్షిత నా వైపు తిరిగింది. “నూనె సామాను ఒక్క పూటకంటె ఎక్కువ పెట్టద్దని మొదటి రోజే చెప్పిన్నా, లేదా? మూడుసార్లు చెప్పిన. మీరు సమజైందన్నరు.”

బాపు కళ్లద్దాల పైనుంచి నన్నే చూస్తున్నాడు. పరువు పోయిన మంటలో ఉన్నాడు.

“యాదికి లేదు,” అన్నాను.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఒక్క క్షణం చూసి, వెళ్లి బండి స్టార్ట్ చేసుకుంది. గడీ వంశంలో పుట్టిన వీరుడిని కదా, కౌంటర్ వెనకే నిలబడ్డాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

మంగళవారం ఆటో రాలేదు. శుక్రవారం రాలేదు. శనివారం మా బిర్యానీ మాస్టర్ జలపతి చెప్పాడు.

“భూమయ్య గౌడు డబ్బాల మిషన్ అమ్ముతున్నడట సార్. అక్షితోళ్ల నాయిన. నలభై ఏండ్లు తాళ్లెక్కి కల్లు గీసి బిడ్డకు పెట్టిచ్చిన మిషన్. రేపు కరీంనగర్ నుంచి ఎవలో అచ్చి పట్టుకపోతరట.”

ఆదివారం తెల్లారేసరికి కోరుట్లలో ఉన్నాను. అక్షిత షెడ్డులో మిషన్ తుడుస్తోంది.

“సిరిసిల్ల పోదాం రా. సురేందర్ రావు గారికి నిజం చెప్త.”

“యాదికచ్చిందా?”

“ఎన్నడు మర్చిపోలే.”

ఆమె గుడ్డ పక్కన పడేసి ఆటో తాళం తీసుకుంది. నేను ముందు ఎక్కబోతే ఆపింది. “ముందట మనుషులు కూసుంటరు. నువ్వు ఎనుక ఎక్కు.”

నువ్వు అంది. అవమానంలోనూ చిన్న ప్రమోషన్ ఉంటుందని తెలిసింది. కోరుట్ల దాటగానే వాన అందుకుంది. సినిమాల్లో హీరో వానలో తడిస్తే పాట వస్తుంది. ట్రాలీలో కూర్చుని సిరిసిల్ల దాకా తడిస్తే తుమ్ములొస్తాయి.

సురేందర్ రావు గారు నీళ్లు కారుతున్న నన్ను కుర్చీ పాడవుతుందన్నట్టు చూశారు. ప్రియదర్శిని గుమ్మంలో నిలబడింది.

“తప్పు డబ్బాలది కాదు మామా, నాది,” అన్నాను. “గవి వేడి కూరలు ఇంటికి పట్టుకపోయే డబ్బాలు. తొక్కు దాచేటివి కావు. నేనే నింపిన, నేనే పంపిన.”

“మరి గీమె మీకు ముందుగాల్ల చెప్పలేదా?”

“చెప్పింది. మూడుసార్లు చెప్పింది. నేను ఇనలే.”

“ఎందుకినలే?”

అక్షిత నేల చూస్తోంది. ఇక దాచుకోవడానికి నా దగ్గర పరువేమీ మిగల్లేదు.

“గామె మాట్లాడుతాంటె గామెనే చూసుకుంట కూసున్న. ఒక్క ముక్క చెవులకు పోలే. తర్వాత మా బాపుకు భయపడి అబద్ధమాడిన.”

ప్రియదర్శిని తండ్రి ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంది.

“మల్లొక్కసారి చెప్పున్రి, మొదలు సరిగ రికార్డు కాలే,” అంది. చెప్పాను. “నాయినా, చెప్పిన మాట ఇనని మనిషితోని సంసారం నాతోని కాకపోవు. నష్టం చీరతోనే పోయింది. డబ్బాలదేం తప్పు?” అని, ఆయన ఫోన్లోంచే వీడియోను గ్రూపులో పెట్టేసింది.

సురేందర్ రావు గారు చాలాసేపు మీసం దువ్వుకున్నారు. “వచ్చే నెల మా హాల్ల నాలుగు పెండ్లిళ్లున్నయి బిడ్డా,” అన్నారు అక్షితతో. “పార్సిళ్లకు నీ డబ్బాలే దింపు. మూత మీద మాత్రం ‘తొక్కు పెట్టద్దు’ అని పెద్దగ రాయి.”

బయటికొచ్చాక అక్షిత ముందు సీటు మీద తడి తుడిచి, “కూసో,” అంది. కథలాపూర్ దాటాక అడిగింది.

“అరగంట ఏం చూసినవ్?”

“ఒక వెంట్రుక. తర్వాత మొఖం. నువ్వంటె నాకు పానం అక్షితా. గా రోజు నీకు చేసింది యాదికస్తే అన్నం పోతలేదు.”

“గట్లయితె మర్నాడే రావచ్చు గదా?”

“భయమైంది.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు గూడ అయితాంది.”

ఆమె నవ్వింది. వైపర్ పనిచేయని ఆ అద్దంలోంచి రోడ్డు కనిపించకపోయినా నాకు అంతా బాగానే కనిపించింది.

షెడ్డు దగ్గర భూమయ్య గారు, మిషన్ చూడడానికి వచ్చిన కరీంనగర్ మనిషీ చాయ్ తాగుతున్నారు. మేము దిగుతుండగానే నా ఫోన్ మోగింది. అమ్మ. గ్రూపులో బాపు కూడా ఉన్నాడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

“స్పీకర్ల పెట్టు. పొల్ల ఉన్నదా?” అంది.

“ఉన్నదమ్మా. నేను చెప్పేది...”

“నువ్వు నోరు మూసుకో. బిడ్డా అక్షితా, నేను రత్నమాలను. నీ తప్పు లేకున్న పదిమందిల నిన్ను అనరాని మాటలన్న. మనసుల పెట్టుకోకు బిడ్డా.”

అన్ని మాటలు పడ్డ రోజు కూడా కంటతడి పెట్టని పిల్ల, ఆ మాటకు చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. భూమయ్య గారు చాయ్ గ్లాసు కింద పెట్టి నిలబడ్డారు.

“మావోడు ఒట్టి పనికిమాలినోడు,” అమ్మ ఇంకా చెబుతోంది. “అయినగాని నీకు నచ్చితే చెప్పు. వాళ్ల బాపు వీడియో చూసినప్పటిసంది గులుగుతనే ఉన్నడు, గులగనీ. గాయిన సంగతి నేను చూసుకుంట. రేపు మీ నాయినను తీసుకొని ఇంటికి రా.”

అక్షిత నాన్న వైపు చూసింది. ఆయన నన్ను తల నుంచి పాదాల దాకా ఒకసారి చూసి, కూతురి వైపు తిరిగి తలూపారు. ఆమె కళ్లు తుడుచుకుని నా చేతిలో ఫోన్ తీసుకుంది.

“రేపు అస్తం అత్తమ్మా,” అంది.

భూమయ్య గారు కరీంనగర్ మనిషి వైపు తిరిగారు. “చాయ్ తాగి పో నాయినా. మిషన్ అమ్ముతలేం.”