జిరాక్స్ షాపులో హీట్ అలర్ట్

తాను చచ్చిపోయానన్న సంగతి రిషికి సమోసా తింటుండగా తెలిసింది.

అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల సందులో అతనిది రేకుల జిరాక్స్ షాపు. ఆ మిట్టమధ్యాహ్నం మంజూష దాంట్లోకి వచ్చి పడింది. ఒక చేతిలో తెగిన చెప్పు, రెండో చేతిలో ఫోను, కళ్ళ నిండా నీళ్ళు.

"బతికే ఉన్నారా!"

"ఉన్న మేడమ్. ఏమైంది?"

"ఏమైందా? మీ ఒంటి వేడి యాభై డిగ్రీలని నా ఫోను మొత్తుకుంటోంది! నలభై దాటితేనే ఆస్పత్రికి పరిగెత్తాలి. పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఆటో దిగి పరిగెత్తుకొచ్చానండీ!"

రిషి నోట్లో సమోసా ఆగిపోయింది. అతని చేతికి ఉండాల్సిన, ఒంటి వేడి కొలిచే బ్యాండ్ వేడి జిరాక్స్ మెషీన్ మీద, అప్పుడే బయటికొచ్చిన జావా నోట్సు కింద హాయిగా పడుకుని ఉంది. మంజూష దాన్ని చూసేసింది. ఏడుపు పోయి కోపం వచ్చింది.

కాకినాడ అమ్మాయి మంజూష సైంటిస్టు. పంజాగుట్టలో ఓ పరిశోధన సంస్థలో ఉద్యోగం. ఏటేటా ముదురుతున్న ఎండలు రేకుల కింద పనిచేసేవాళ్ళ గుండెనీ కిడ్నీలనీ ఏం చేస్తున్నాయో తేల్చడం ఆమె పని. అందుకే సందులో అందరి చేతులకీ బ్యాండ్లు కట్టింది. ఎవరి ఒళ్ళు వేడెక్కినా ఆమె ఫోనుకి అలర్ట్ వెళ్తుంది.

మొదటిసారి రిషికి నిజంగానే కళ్ళు తిరిగాయి. మంజూష ఓఆర్ఎస్ ప్యాకెట్లు పట్టుకొచ్చి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఆ చెయ్యి తీసేశాక మనవాడికి కుదురు లేదు. వారం తిరక్కుండా బ్యాండ్‌ని మెషీన్ మీద కాచడం నేర్చేసుకున్నాడు.

"ఇలా ఎన్నిసార్లు చేశారు?"

"జర... అప్పుడప్పుడు."

"నేను మీకు ఆటగా ఉన్నానా? మీ ఒక్కరి లెక్క దొంగదైతే సందు మొత్తాన్నీ నమ్మరు. ఈ రేకులకి ఎండ దిగకుండా చల్లదనం పెయింట్ వేయించమని మా పైవాళ్ళని ఇంక ఏ మొహం పెట్టుకుని అడగను?"

చెప్పు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

పక్కన ఫోన్ కవర్లు అమ్మే కనకయ్య తల బయటపెట్టాడు. "నీ ఇష్కు సల్లగుండ, మా అందరి పెయింట్ పోగొట్టినవ్ గదరా!"

ఆ మాట రిషికి గుచ్చుకుంది. మర్నాడు షాపు మూసి పంజాగుట్ట వెళ్ళి, మంజూష పై అధికారి అచ్యుతరావుగారి ముందు నిలబడ్డాడు. మంజూష అక్కడే ఉంది, మొహం తిప్పుకుంది.

"ఏవి దొంగ రీడింగులో ఇప్పుడెలా తెలుస్తుందయ్యా?" అన్నారాయన.

"నాకు తెల్సు సార్. మొదటిది తప్ప మేడమ్ నా షాపుకొచ్చిన రోజులన్నీ దొంగవే. ఉగాది తెల్లారి, ఆకుపచ్చ చున్నీ. మెట్రో ఆగిన రోజు, కాటుక కారింది, తిడతరని చెప్పలే. పెద్ద వాన పడ్డ రోజు, గొడుగు లేక మా షాపులనే నిలబడ్డరు, జుట్టు నిండ చినుకులు..."

కంప్యూటర్‌లో ఒక్కొక్కటే కొట్టేస్తున్న అచ్యుతరావుగారి వేలు ఆగింది. "వానలో హీట్ అలర్టా? మంజూషా, నీకప్పుడైనా అనుమానం రాలేదా అమ్మా?"

మంజూష సీలింగ్ ఫ్యాన్‌ని చాలా శ్రద్ధగా పరిశీలించింది.

"మిగిలినోళ్ళయి అన్నీ నిజమే సార్," అన్నాడు రిషి. "రేకుల కింద మస్తు ఉడుకుతున్నం. నన్ను లెక్కలకెల్లి తీసేయుండ్రి, సందును ఉంచుండ్రి."

ఆయన సందును ఉంచారు, రిషిని తీసేశారు. మంచి పనే చేశాననిపించినా మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది రిషికి. ఇక ఏ అలర్టూ ఆమెని తీసుకురాదు.

"రిషిగారూ!" మంజూష వెనకాలే వచ్చింది. "బ్యాండ్ ఇచ్చెయ్యండి."

విప్పి ఇచ్చాడు. "ఇంక మా షాపుల మీకు పని లేదు గద మేడమ్."

"ముందు కూడా లేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచడానికి మా ఆఫీసులో వేరే మనిషి ఉన్నాడు. మీ అలర్టుకి మాత్రం అతన్ని పంపేదాన్ని కాదు."

రిషికి అర్థం కావడానికి రెండు మెట్లు పట్టింది.

"సాయంత్రం వస్తాను," అంది మంజూష. "ఈసారి మీరు ఏమీ వేడి చెయ్యక్కర్లేదు."