బయటికి వదలాల్సిన కొస

పుండు పైకి ఎలా కనిపించినా నమ్మకూడదు. పైన మూసుకుపోయి లోపల కుళ్లేవి ఉంటాయి. అందుకే లోతైన పుండుని సెలైన్‌తో కడిగి, తడిపిన గాజ్ పట్టీని లోపల వదులుగా కూరి, కొస మాత్రం బయటికి వదులుతారు. ఒక పట్టీ చాలకపోతే రెండోదాన్ని దానికి ముడేసి మరీ కూరాలి. తర్వాత కొస పట్టుకుని లాగితే మొత్తం బయటికి రావాలి. నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులో మాకు మొదట నేర్పింది ఇదే.

నేర్పింది మా హెడ్ సిస్టర్. ఆవిడ మాత్రం ముడేసేది కాదు. "అంత తీరిక ఎవరికుంది?" అనేది. ఆవిడకి మేం పెట్టుకున్న పేరు కత్తెర. నోరూ అంతే, చెయ్యీ అంతే.

కిటికీ పక్క మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు. నడుం కింద పడక పుండు. కత్తెర డ్రెస్సింగ్ చేసిన ప్రతిసారీ "అమ్మా, లోపల ఇంకోటుంది" అని గొణిగేవాడు. "ఏం లేదు తాతా, నీ భ్రమ" అని ఆవిడ వెక్కిరించేది. మేం కిసుక్కున నవ్వేవాళ్లం. పాసు చెయ్యాల్సింది ఆవిడే కాబట్టి నేను ఇంకాస్త గట్టిగా నవ్వేదాన్ని. ఒళ్లంతా విషమెక్కి ఆ తాత పోయాడు.

నెల తిరక్కుండా కత్తెరకి వీపు మీద గడ్డ లేచింది. కోసి చీము తీశారు. వార్డులో ఖాళీగా ఉన్నది ఆ కిటికీ పక్క మంచమే.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. ఫినాయిల్ వాసన, నానిన గోడల వాసన. ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు. కత్తెర డ్రెస్సింగ్ మార్చడం నా వంతు. పొద్దున పట్టీ కూరింది కూడా నేనే. ఒక్కటే పట్టీ. హాస్టల్లో ఉల్లిపాయలు తరుగుతూ వేలు కోసుకుని ప్లాస్టర్ వేసుకున్నాను, దాని మీదే గ్లవుజు తొడుక్కున్నాను.

"మెల్లగా లాగవే, చస్తున్నా," అంది కత్తెర, బోర్లా పడుకుని.

కొసని ఫోర్సెప్స్‌తో పట్టుకుని లాగాను. పట్టీ వచ్చింది. దాని చివర ముడి ఉంది.

నేను ముడెయ్యలేదు.

ముడి అవతల ఇంకో పట్టీ... పాతది, నల్లబడింది. ఆ వాసన నాకు తెలుసు. తాత మంచం దగ్గర ముక్కు మూసుకున్నది ఆ వాసనకే. లాగాను. వచ్చింది... ఇంకా వచ్చింది... ట్రే నిండిపోయింది. అంత పట్టే పుండు కాదది.

ఆగింది.

మెల్లగా... వెనక్కి పోవడం మొదలుపెట్టింది.

"లోపల ఎవరో లాగుతున్నారే..." కత్తెర మంచం అంచు పట్టుకుంది. "డాక్టర్ని పిలువు. నీ కాళ్లు పట్టుకుంటా."

వస్తే డాక్టరు మొదట అడిగేది ఒకటే, కూరింది ఎవరని. ఎవరు కూరితే వాళ్లదే పూచీ అని మాకు నూరిపోసింది ఈవిడే. పరీక్ష ఆ వారంలోనే. ఈసారి తప్పితే నా చదువు గంగలో కలిసినట్టే.

ఫోర్సెప్స్ వదిలేశాను. ట్రేలోదంతా సర్రున లోపలికి జారిపోయింది. కొస కూడా మిగల్లేదు. పైన ప్యాడ్ పెట్టి టేపు అంటించాను.

"లోపల ఇంకోటుంది," అని గొణిగింది కత్తెర. అచ్చం తాతలాగే.

"ఏం లేదు సిస్టర్, మీ భ్రమ."

నిజం చెప్పొద్దూ, ఆ మాట అంటుంటే నాకు హాయిగా అనిపించింది.

తెల్లారేసరికి ఆవిడ పోయింది. ఒళ్లంతా విషమెక్కిందన్నారు. డాక్టరు టేపు విప్పి చూశాడు. పుండులో ఏమీ లేదన్నాడు. వేరే సిస్టర్ వచ్చి పరీక్ష పెట్టింది, పాసయ్యాను.

నిన్న స్నానం చేసొచ్చి వేలి ప్లాస్టర్ ఊడదీశాను. కోత శుభ్రంగా మానిపోయింది. మచ్చ మధ్యలోంచి మాత్రం తెల్లటి పోగు ఒకటి బయటికి ఉంది. గోళ్లతో పట్టుకుని లాగాను.

కొంచెం వచ్చింది... ముడి తగిలింది.

అటువైపు నుంచి ఎవరో మెల్లగా లాక్కున్నారు.