ఒక సైజు పెద్దది

"ఆ పెద్దది నాది," అంది జెరూషా బెంగాలీలో, కొట్టు మెట్లెక్కుతూనే.

బెంటింక్ స్ట్రీట్‌లో సైకిళ్ళ కొట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటిలో ఈ కొట్టుకు ఆమె వానాకాలమంతా వస్తూనే ఉంది. చూసి, బెల్లు మోగించి, వెళ్ళిపోయేది. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు, ఒంటిచేత్తో ఎత్తగలిగే ఫ్రేము. దూరాలు తొక్కే సైకిలంటే అదీ. ఆ రకంలో మిగిలినవి రెండే. ఒకటి పెద్ద ఫ్రేముది, ఒకటి చిన్నది. పెద్దదాని సీటు మీద అప్పుడే ఎవరిదో చెయ్యి ఉంది.

చెయ్యి గల మనిషి చాలా పొడుగు. గొడుగు లేకుండా వచ్చినట్టున్నాడు, జుట్టు లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"మేడమ్, యే ఆప్ కే లియే బడా హోగా," అన్నాడు హిందీలో, అది ఆమెకు పెద్దదవుతుందని నచ్చజెబుతున్నట్టు.

జెరూషాకు ఒళ్ళు మండింది. మొహం పక్కకు తిప్పుకుని, కలకత్తాలో ఎవరికీ అర్థం కాదన్న ధీమాతో, తనలో తను అనుకున్నట్టే పైకి అంది. "తాటిచెట్టులాగున్నాడు, నాకు సెప్పడానికొచ్చీసినాడు."

"తాటిచెట్టుకే పెద్ద సైకిల్ కావాలె కద మేడం," అన్నాడతను.

జెరూషా గిరుక్కున తిరిగింది. తిట్టు దొరికిపోయిందన్న సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది వేరే ఏదో. నాన్న పోయాక ఏడాదిగా తన మాటకు తెలుగులో జవాబు చెప్పిన మనిషి ఇతనే.

చర్చిలో ఆరాధన తెలుగులోనే జరుగుతుంది. కానీ అక్కడ అందరూ వందనాలు చెప్పుకుని, తలనొప్పి తగ్గిందా అని అడిగి, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. ఏక్‌బాల్‌పూర్‌లో ఆమె రెండు గదుల ఇంట్లో కుక్కరు ఒక్కటే కూత పెడుతుంది. "ఉండు, వస్తన్నాను," అని దానికే చెబుతుంది.

"మీరు తెలుగోళ్ళేటి?"

"హనుమకొండ. న్యూ టౌన్‌ల ఉద్యోగం. కామేష్. మీ తెలుగు ఎక్కడిది?"

"మా నాన్నది. ఇంకెక్కడిది?"

అతను నవ్వాడు. నవ్వి ఊరుకోకుండా పాఠం మొదలుపెట్టాడు. "ఒక్కసారి దాని మీద నిలబడి చూడున్రి. రెండు కాళ్ళూ నేల మీద ఆనాలె. బ్రేకు కోసం చెయ్యి చాపితే మోచెయ్యి కొద్దిగ వంగాలె. దూరం పోతుంటే తేడా తెలుస్తది."

ఆమె నిలబడింది. మునివేళ్ళ మీద. బ్రేకు అందింది, భుజాలు చెవుల దాకా లాగితే.

"సూసారా, సరిపోయింది," అంది ఊపిరి బిగబట్టి.

"గట్ల నిలబడి డైమండ్ హార్బర్ దాకా పోతరా?"

తను వెళ్ళాలనుకుంటున్నదీ అక్కడికే. అది ఇతనికెలా తెలిసిందా అని ఒక్క క్షణం ఉలికిపడింది. కలకత్తాలో సైకిల్ పిచ్చి ఉన్న ప్రతివాడూ ముందు పోయేది అక్కడికేనని తర్వాత తట్టింది.

"సూడండి దాదా," అంది, ఈ ఊళ్ళో మగాళ్ళందర్నీ 'అన్నా' అని పిలిచే అలవాటుతో. "మా నాన్న నాకు జోళ్ళు కొన్నా, గౌను కుట్టించినా ఒక సైజు పెద్దదే. మెటియాబ్రుజ్ దర్జీ చేత లోపల మడతలేయించి, యేడాదికోటి ఇప్పించీవోడు. రెండిటికీ ఒకటే రేటయితే సిన్నది కొనడానికి నాకేటి, పిచ్చా?"

"సైకిల్‌కు మడతలుండయి మేడం. ఇంక మీరు కూడ పెరగరు."

కొట్టువాడికి తెలుగు రాకపోయినా నవ్వాడు. అంతే, జెరూషా డబ్బు కట్టేసింది.

కామేష్ ఖాళీ అయిన చోటు వంక కాసేపు చూశాడు. దుర్గాపూజలయ్యేదాకా కొత్త సరుకు రాదన్నాడు కొట్టువాడు. "సరే, చిన్నదే ఇయ్యి. సీటు పైకి లేపుకుంట," అని అతనికి హిందీలో చెప్పి, ఆమె వైపు తిరిగి తెలుగులో అడిగాడు. "ఒక్కరే పోతరా?"

"ఒక్కదాన్నే. తోడెందుకేటి?"

ఆ మాట అన్నాక ఇంటిదాకా సైకిలు తొక్కుతూ, వానలో, ఎందుకన్నానా అనుకుంటూనే ఉంది.

*

జెరూషా నాన్న సత్యానందం ఓడరేవు డాకులో క్రేను తోలేవాడు. ఆయనకు సెలవంటే బంద్ రోజే. లారీలు, బస్సులు లేని రోడ్డు చూస్తే ఆయన ఇంట్లో ఉండలేడు. కూతుర్ని తన నల్ల సైకిలు వెనక కూర్చోబెట్టుకుని డైమండ్ హార్బర్ తీసుకెళ్ళేవాడు. సముద్రమంత వెడల్పున్న గంగ ఒడ్డున వేయించిన చేపలు కొనిపెట్టి, శ్రీకాకుళం కబుర్లు చెప్పేవాడు. ఆ దారి తన కాళ్ళతో తను ఒకసారి తొక్కితే ఈ ఇల్లు ఇంత బరువుగా ఉండదని జెరూషాకు ఒక నమ్మకం. ఎవరి వెనకా కూర్చోకుండా, ఎవరికోసమూ ఎదురుచూడకుండా.

పూజల ముందు బంద్ పిలుపు వచ్చింది. ఎవరు పిలిచారో, దేనికో ఆమె పట్టించుకోలేదు. పొద్దున్నే మజ్జిగ సీసా, రొట్టెలు కట్టుకుని బయల్దేరింది. కూడళ్ళలో ఎర్రజెండాలు తడిసి కర్రలకు అంటుకుపోయాయి. బెహాలాలో ట్రాము పట్టాల మీదే వికెట్లు పాతి క్రికెట్ ఆడుతున్నారు.

జోకా దాటేసరికి వీపు పట్టేసింది. తర్వాత అరచేతులు మొద్దుబారాయి. ఆమ్‌తలాలో ఆపబోతే కాలు నేలకందక, సైకిలుతో సహా మూసిన టీ కొట్టు బల్ల మీద కూలబడింది. దెబ్బేమీ తగల్లేదు. ఏడుపు మాత్రం వచ్చింది. సగం దారే అయింది. ముందుకు పోలేదు, వెనక్కి వెళ్ళలేదు, బంద్ కాబట్టి బస్సూ లేదు.

సన్నటి జల్లు మొదలైంది. ఆ జల్లులోంచి ఒక వింత ఆకారం వస్తోంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి, మోచేతులు రెక్కల్లా విచ్చుకున్నాయి, సీటు ఆకాశంలో ఉంది. సర్కస్ ఎలుగుబంటి సైకిలు తొక్కినట్టే ఉంది.

ఏడుస్తూనే జెరూషా నవ్వింది. నవ్వు ఆగలేదు.

"నవ్వున్రి, నవ్వున్రి," అన్నాడు కామేష్ దిగి, నడుము పట్టుకుని. "నా సైకిల్ తీస్కపోయి నన్నే నవ్వుతున్నరు."

"మీరిక్కడికెందుకొచ్చినారు?"

"బంద్ కద. రోడ్డు ఖాళీగుంటది." మొహం మీది వాన తుడుచుకున్నాడు. "నిజం చెప్పాల్నా? సైకిలోళ్ళంత ఆదివారం పొద్దున రెడ్ రోడ్డు మీదికొస్తరు. ప్రతి ఆదివారం అక్కడ మీకోసం చూసిన. మీరు రాలే. తోడెందుకన్నరు కద, నిజమే అనుకున్న."

"ఆదివారం నానేటికొస్తాను? చర్చికెల్లనా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్ని వారాలు వృథా అయినందుకు దేవుడి మీద కోపం తెచ్చుకోవాలా, తన తెలివి మీదా అన్నది తేల్చుకోలేనట్టు నిలబడ్డాడు కామేష్.

జెరూషా కళ్ళు తుడుచుకుంది. తన సైకిలు హ్యాండిలు పట్టుకుని అతని వైపు తోసింది. "ఇది మీది. అది నాకిచ్చీండి."

"పెద్దది పోతది మరి. రేటు ఒక్కటే."

"మా నాన్న సూస్తే తిట్టీవోడే," అంది. "తిట్టనీండి."

అతను జేబులోంచి మరలు తిప్పే ఎలెన్ కీ తీసి, వానలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక సీటు దించి, ఒకటి ఎత్తాడు. ఆమె ఎక్కి నిలబడింది. రెండు పాదాలూ నేలకానాయి. బ్రేకు వేళ్ళకు దానంతటదే వచ్చింది. తనదంటూ తన కొలతకు ఉన్న వస్తువు ఇంతవరకూ ఒక్కటీ లేదని ఆమెకు అప్పుడు తట్టింది.

మిగతా సగం దారీ పక్కపక్కనే తొక్కారు. వేయించిన చేపల బండి వాన వల్ల రాలేదు. గంగ ఒడ్డు మెట్ల మీద కూర్చుని రొట్టెలు పంచుకున్నారు. నాన్న చెప్పిన కబుర్లన్నీ ఆమె చెప్పింది. మధ్యలో అతను "ఏటి అంటే ఏంది?" అని వెక్కిరిస్తే, "ఏంది అంటే ఏటి?" అంది.

తిరిగొచ్చేటప్పుడు ఏక్‌బాల్‌పూర్ మలుపులో కామేష్ ఆగాడు. "మీ సైకిల్ బిల్లు నా పేరు మీదున్నది. పోలీసులు ఆపితే అడుగుతరు. నా నంబర్ రాసుకోన్రి."

"పోలీసులు ఆడోళ్ళ సైకిళ్ళు ఆపీసినట్టు ఎక్కడా సూళ్ళేదు," అంది జెరూషా. నంబరు మాత్రం ఎక్కించుకుని, అతనికి ఒక మిస్డ్ కాల్ ఇచ్చింది.

దీపాలు పెట్టే వేళకు సైకిలును ముందు గదిలో గోడకు చేర్చి, కుక్కరు పొయ్యి మీద పెట్టింది. ఫోన్ మోగింది.

"చేరిన్రా?"

"చేరీసినాను." గొంతు బొంగురుపోయి ఉంది. ఇంత తెలుగు మాట్లాడి ఏడాదయింది మరి.

"మళ్ళ బంద్ ఎప్పుడో?" అని అవతల నిట్టూర్పు.

"బంద్ దాకా ఎందుకేటి? ఆదివారం ఆరాధన పదిన్నరకు అయిపోద్ది. చర్చి గేటు కాడుండండి." కాస్త తడబడి చేర్చింది. "కామేష్ గారూ."

"దాదా ఏమైంది?"

వెనక కుక్కరు కూత పెట్టింది.

"ఉండు, వస్తన్నాను," అంది జెరూషా అలవాటుగా.

"ఎవరు? ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

"ఎవుళ్ళూ లేరు," అంది. గోడకు ఆనించిన సైకిలు చక్రాల మీద ఇంకా ఆరని తడి మెరుస్తోంది. "మీరు సెప్పండి. ఇంటున్నాను."