సగటు మనిషి కాదంది

ఆ ఇంట్లో ముఖ్యమైన పని ఏదున్నా పొద్దున్న కాఫీల దగ్గర దానికొక రిహార్సల్ జరిగి తీరాలి.

కోడలు ఆర్థికవేత్త. జనం ఏ వయసులో ఉద్యోగం మానాలి, మానాక పింఛను ఎంత రావాలి, ఆ సొమ్ము ఎక్కణ్ణుంచి తేవాలి, ఇదే ఆవిడ చదువు, ఇదే ఉద్యోగం, ఇరవై ఏళ్ళుగా ఇదే ధ్యాస. ఎక్కడ మాట్లాడాల్సి వచ్చినా ముందు వంటింటి బల్ల దగ్గర ఇంటివాళ్ళకి వినిపించి, వాళ్ళ చేత ప్రశ్నలు వేయించుకుని గాని గడప దాటదు.

ఎవరి వేషాలు వాళ్ళకి ఎప్పుడో ఖాయమైపోయాయి. స్కూల్లో డ్రాయింగు మాస్టారైన భర్త అధ్యక్షుడు. చెంచాతో బల్ల మీద టకటకా కొట్టి "నిశ్శబ్దం!" అనడమంటే ఆయనకి మహా సరదా. ఎనిమిదో తరగతి చదివే కూతుర్ని అందరూ పిడుగు అంటారు. దాని పాత్ర విలేఖరి. ఇక బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్‌గా పనిచేసే అత్తగారు సగటు మనిషి. "పింఛను లెక్కలన్నీ సగటు మనిషి కోసమే అత్తయ్యా! మీరు ఊఁ అంటే దేశం ఊఁ అన్నట్టే" అని పన్నెండేళ్ళ కిందట కోడలే ఆవిడకి ఆ పాత్ర అప్పగించింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా ఊహూఁ అన్న పాపాన పోలేదు.

ఆ రోజు మాత్రం మామూలు రోజు కాదు. పదకొండు గంటలకి పింఛన్ల కమిషన్ ముందు కోడలు తన నివేదిక వినిపించాలి. అరవై ఏళ్ళకి కాకుండా అరవై మూడేళ్ళకి ఉద్యోగ విరమణ అన్నది అందులో అసలు సంగతి. కమిషన్ సరేనంటే ఆవిడ ఇరవై ఏళ్ళ కష్టం చట్టమవుతుంది. కమిషన్ ముఖ్య సలహాదారు పదవి కూడా ఆవిడకేనని ఆఫీసులో అందరూ ముందే అభినందనలు చెప్పేస్తున్నారు. ఆ సంబరంలో కోడలు తెల్లవారకముందే లేచి, ఇస్త్రీ చేసిన చీరనే మళ్ళీ ఇస్త్రీ చేసింది.

"నిశ్శబ్దం!" అని చెంచా మోగించాడు భర్త. "అమ్మా, నువ్వు బాత్రూమ్‌లోంచి వస్తావా, లేక సగటు మనిషి లేకుండానే సభ మొదలెట్టమంటావా?"

"వస్తున్నా, వస్తున్నా." అత్తగారు కుడిచేతిని తువాల్లో చుట్టుకుని వచ్చి కూర్చుంది. రోజూ పొద్దున్నే ఆవిడ పావుగంటసేపు వేడినీళ్ళ కుళాయి విప్పుకుని ఏం చేస్తుందో ఎవరూ అడగలేదు.

కోడలు నిలబడి మొదలెట్టింది. మనుషులు ఇప్పుడు ఎక్కువ కాలం బతుకుతున్నారంది. పనిచేసేవాళ్ళు తగ్గి పింఛను తీసుకునేవాళ్ళు పెరుగుతున్నారంది. గొంతు ఖంగున మోగుతోంది, చేతులు గాలిలో ఆడుతున్నాయి. భర్త చెంచా సంగతే మరిచి నోరు తెరుచుకుని విన్నాడు.

"అమలు ఎప్పటినుంచి మేడమ్?" పిడుగు పెన్ను మైకులా పట్టుకుని అడిగింది.

"మూడు నెలల్లో. అప్పటికి అరవై నిండని వాళ్ళందరికీ వర్తిస్తుంది. ఉద్యోగులు ఒప్పుకుంటారా అని మీరు అడగొచ్చు. దానికి జవాబు తొమ్మిదో పేజీలో ఉంది." కోడలు పేజీ తిప్పి ఉత్సాహంగా చదివింది. "ఒక బట్టల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళకు పైగా పనిచేస్తున్న కార్మికురాలు ఇలా అన్నారు. 'మూడేళ్ళేం ఖర్మ, నిక్షేపంలా ఇంకో పదేళ్ళు చేస్తాను!'"

అత్తగారి చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది.

"ఇప్పుడు సగటు మనిషి!" అన్నాడు భర్త. "ఏమ్మా, ఈ ప్రతిపాదన నీకు సమ్మతమేనా?"

అలవాటుగా రావలసిన ఊఁ రాలేదు. కప్పు కింద పెట్టి, ఆవిడ బల్ల వంక చూస్తూ అంది. "కాదు."

"భలే! ఈసారి అమ్మ గట్టి ప్రశ్న వెయ్యబోతోంది" అని భర్త నవ్వాడు.

"వేషం కాదురా. నిజంగానే కాదంటున్నాను." ఆవిడ తువాలు విప్పి చెయ్యి బల్ల మీద పెట్టింది. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంది. ఎడమచేత్తో పట్టి లాగితే టక్కుమని తెరుచుకుంది. ఆ చప్పుడికి పిడుగు కళ్ళు మూసుకుంది. "రెండేళ్ళుగా ఇంతే. వేడినీళ్ళలో నానితే గాని కత్తెర పట్టడానికి రాదు. నాకు అరవై నిండటానికి ఇంకా నాలుగు నెలలుంది. రోజులు లెక్కపెట్టుకుంటున్నాను."

నాలుగు నెలలు. చట్టం మూడు నెలల్లో. లక్షల మంది వయసులు పట్టికలుగా గీసిన మనిషికి ఇంట్లో ఉన్న ఒక్క మనిషి వయసు తట్టలేదు. ఆ సిగ్గు కోపమై పైకొచ్చింది.

"ఆరు నెలల కిందట ఇదే బల్ల దగ్గర అడిగానే! నిక్షేపంలా చేస్తానన్నది మీరు కాదూ?"

"అన్నాను. నువ్వు భయపడుతున్నావు, ధైర్యం చెప్పాలి కదాని అన్నాను. అది ఆట అనుకున్నానే అమ్మాయ్! నువ్వు తీసుకెళ్ళి పుస్తకంలో అచ్చేయిస్తావని నాకేం తెలుసు?"

"అచ్చయిపోయింది! కమిషన్ సభ్యులందరి చేతుల్లోనూ ఉంది! ఇంకో రెండు గంటల్లో వాళ్ళ ముందు నిలబడాలి. ఇన్నాళ్ళూ లేనిది ఇవాళే చెప్పాలా?"

"నా నోటి మాట నువ్వు చదివి వినిపిస్తుంటే చూస్తూ ఎలా కూర్చోను?"

"అయితే ఇప్పుడు ఏం చెయ్యమంటారు?" కోడలు నివేదికని బల్ల మీద పడేసింది. "మీ ఒక్కరి వేలు కోసం దేశం లెక్క మార్చమంటారా?"

"నా ఒక్కదాని మాట పట్టుకుని దేశం లెక్క వేశావుగా!"

భర్త చెంచాని మెల్లగా పళ్ళెం కిందకి తోసేశాడు. తల్లి పక్షమా, భార్య పక్షమా తేల్చుకోలేక లేచి వెళ్ళి, వెలగని స్టవ్ ఆర్పడానికి ప్రయత్నించాడు పాపం.

పిడుగు మాత్రం పెన్ను దించలేదు. దానికి ఆట ఎక్కడ ఆగిందో తెలియలేదో, తెలిసే అడిగిందో గాని, "మేడమ్, చేతులతో పనిచేసేవాళ్ళని మొత్తం ఎంతమందిని అడిగారు?" అంది.

కోడలు లెక్క గుర్తుచేసుకుంది. నివేదిక కోసం అభిప్రాయాలడిగే ప్రశ్నావళులు పదకొండు వేల మందికి పంపారు. అన్నీ కంప్యూటర్ల ద్వారానే పంపారు. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళే నింపి పంపారు. కటింగ్ బల్ల ముందు రోజూ ఎనిమిది గంటలు నిలబడే మనుషుల దగ్గరికి ఆ ప్రశ్నలు వెళ్ళే దారే లేదు.

"ఒక్కరిని" అంది కోడలు నీరసంగా. ఆ ఒక్కరూ ఎదురుగా కూర్చుని ఉన్నారు.

ఆవిడ కుర్చీలో కూలబడింది. అత్తగారు లేచి, చల్లారిన కాఫీ తీసేసి వేడిది పెట్టింది. కోడలు కప్పు ముట్టుకోలేదు. కాసేపటికి తలెత్తి ఉన్నట్టుండి అడిగింది.

"అత్తయ్యా, మీరు ఫ్యాక్టరీలో ఎన్నో ఏట చేరారు?"

"పద్దెనిమిదో ఏట. ఎందుకు?"

"నేను చదువులు ముగించుకుని ఉద్యోగంలో చేరేసరికి నాకు ఇరవై ఎనిమిది. ఇద్దరం అరవై మూడుకే మానితే నేను చేసేది ముప్పై అయిదేళ్ళు. మీరు చేసేది నలభై అయిదు!" కోడలు లేచి నిలబడింది. "ఏవండీ, ల్యాప్‌టాప్! పిడుగూ, నా ఛార్జరు! నేను పుట్టినరోజు నుంచి లెక్కపెడుతూ వచ్చాను. పనిలో చేరిన రోజు నుంచి కదా లెక్కపెట్టాల్సింది!"

ఇక ఆ వంటిల్లు వంటిల్లులా లేదు. కోడలు పట్టికలు తెరిచి, పని మొదలెట్టిన వయసును బట్టి జనాన్ని విడదీసింది. నలభై ఏళ్ళు పనిచేసినవాళ్ళు అరవైకే మానేలా, ఆలస్యంగా చేరినవాళ్ళు అరవై మూడు దాకా చేసేలా రాసి చూసింది. అంకెలు కాస్త అటూ ఇటూగా నిలబడేలాగే కనిపించాయి. "నిలబడుతుందండీ! ఇంకా గట్టిగా చూడాలి గాని, నిలబడుతుంది!" అని అరిచింది. చిన్నపిల్లలా గంతేసినంత పనిచేసింది. భర్త ఆవిడ చెప్పిన అంకెలు డ్రాయింగు పుస్తకంలో రంగు పెన్సిళ్ళతో గీశాడు. అత్తగారికి లెక్కలు అర్థం కాలేదు. కోడలి మొహం చూసి మాత్రం ధైర్యం వచ్చింది.

"అత్తయ్యా, ఇవాళ సెలవు పెట్టండి. నాతో రావాలి."

"నేనెందుకే, అంత పెద్దవాళ్ళ మధ్య?"

"మీ మాట మీ ఎదుటే వెనక్కి తీసుకుంటాను."

హాలు నిండిపోయింది. చివరి వరసలో బడికి సెలవు పెట్టిన భర్త, పిడుగు, వాళ్ళ మధ్య బిక్కుబిక్కుమంటూ అత్తగారు కూర్చున్నారు. కోడలు వేదిక ముందుకు వెళ్ళి, నివేదిక తెరవకుండానే మాట్లాడింది.

"తొమ్మిదో పేజీలోని మాట వెనక్కి తీసుకుంటున్నానండీ. అది సాక్ష్యం కాదు. మా అత్తగారు నా మీద ప్రేమ కొద్దీ చెప్పిన మాట. దాన్ని పరిశోధన అనుకోవడం నా తప్పు."

హాల్లో గుసగుసలు లేచాయి. కమిషన్ అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటే మీ నివేదిక మీరే తప్పంటున్నారా?"

"సగమే రాశానంటున్నాను. మిగతా సగం ఇది." రంగు పెన్సిళ్ళతో గీసిన కాగితాలు ఎత్తి చూపిస్తూ చెప్పుకుపోయింది. పుట్టిన రోజు కాదు, పనిలో చేరిన రోజు చూడమంది. ఫ్యాక్టరీలకి, ఆసుపత్రులకి, రోడ్లు వేసే చోట్లకి తానే కాగితం పట్టుకెళ్ళి అడుగుతానంది. పొద్దున్న వంటింట్లో కంటే ఆ గొంతులో రెట్టింపు ఊపు ఉంది. నిద్రమొహంతో ఉన్న సభ్యులు కూడా ముందుకి వంగి విన్నారు.

"ఎంత గడువు కావాలి?" అన్నాడు అధ్యక్షుడు.

"రెండు నెలలు."

"చట్టం వచ్చే ఏడాదికి పోతుంది. మీ సలహాదారు నియామకం కూడా ఆగుతుంది. ఆలోచించుకోండి. రెండోసారి మీ పేరే పరిశీలిస్తామని మాట ఇవ్వలేను."

కోడలికి ఆ కుర్చీ మీద ఆశ లేదంటే అబద్ధం. "ఆగనివ్వండి" అంది.

చివరి వరసలో పిడుగు ఈల వేసింది. అధ్యక్షుడు నిజంగానే "నిశ్శబ్దం!" అనాల్సి వచ్చింది. గడువు మాత్రం ఇచ్చాడు.

బయట వరండాలో బల్ల మీద అత్తగారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. కోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"నా వల్ల నీ కుర్చీ పోయింది కదే అమ్మాయ్."

"పోతే పోయింది. నేనన్న మాటకి నన్ను క్షమించండి అత్తయ్యా. ఒక్కరి వేలు అన్నాను. ఆ వేలు నాకు రెండేళ్ళుగా కనపడనే లేదు."

"చెప్తే గదా కనపడటానికి. నా తప్పూ ఉంది." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "అయితే నాలుగు నెలల్లో నేను మానెయ్యొచ్చా? ఖాయమేనా?"

"ఖాయం."

అత్తగారు కొంగు సర్దుకుంది. ఎదురుగా మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్న జనాన్ని చూస్తూ ఉండిపోయింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"మానేశాక మర్నాడు పొద్దున్న లేచి, ఏం చేస్తారే?"

కోడలు తన రాతలన్నీ మనసులో తిరగేసింది. ఇరవై ఏళ్ళు, నలభై రెండు వ్యాసాలు, మూడు పుస్తకాలు. ఆ ఒక్క పొద్దున గురించి ఎక్కడా ఒక్క వాక్యం లేదు.

"నాకు తెలీదు అత్తయ్యా" అంది. అంటూనే ఏడ్చేసింది. "ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు. మీకు ఏం చెయ్యాలనుంది?"

అత్తగారు అటూ ఇటూ చూసింది. కొడుకు, మనవరాలు దూరంగా ఉన్నారని తేల్చుకుని కోడలి చెవి దగ్గరికి వంగింది.

"నవ్వకూడదు మరి. నాకు ఈత నేర్చుకోవాలనుంది."

కోడలు నవ్వలేదు. సంచిలోంచి కాగితం తీసి, కొత్త నివేదిక మొదటి పేజీ మీద ఆ మాట రాసుకోబోయి, ఆగి, పెన్ను మూసేసింది.

"ఇది ఎక్కడా రాయను" అంది. "నాక్కూడా రాదు అత్తయ్యా. ఇద్దరం కలిసి చేరదాం."